నగరమే ఇల్లు కట్టి అద్దెకిస్తే: వియన్నా తీసుకున్న నిర్ణయం

1923 సెప్టెంబరు 21న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నగర పాలక మండలి ఒక తీర్మానం చేసింది. ఐదేళ్లలో 25,000 ఇళ్లు నగరమే సొంత ఖర్చుతో కడుతుంది. అవి నగరం ఆస్తిగానే ఉంటాయి, సామాన్య కుటుంబాలు అందులో అద్దెకుంటాయి. మన దగ్గర సర్కారు ఇల్లు అనగానే లబ్ధిదారుల జాబితా, లాటరీ, పట్టా గుర్తొస్తాయి. ఇల్లు చేతికి వచ్చాక అది ఆ కుటుంబానిదే. వియన్నాలో అలా కాదు. అద్దెకున్నవారు మారతారు, పిల్లలు పెద్దవారై వేరే చోటికి వెళ్తారు, ఇల్లు మాత్రం నగరం చేతిలోనే ఉండి తర్వాతి కుటుంబానికి వెళ్తుంది. వందేళ్లు గడిచినా ఆ ఇళ్లలో జనం కాపురం ఉంటున్నారు. ఆ నిర్ణయం వెనక జాలి కన్నా లెక్క ఎక్కువగా ఉంది. డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలి, కట్టిన ఇల్లు ఎవరి పేర ఉండాలి అన్న రెండు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకున్నాకే అక్కడ పునాదులు తవ్వారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వియన్నా పెద్ద సామ్రాజ్యానికి రాజధాని. 1910 నాటికే జనాభా 20 లక్షలు దాటింది. బొహీమియా, మొరావియా, గలీసియాల నుంచి కూలీలు, ఇటుక బట్టీ పనివాళ్లు, దర్జీలు వచ్చి చేరుతుంటే వాళ్ల కోసం స్థలదారులు అద్దె భవనాలు లేపారు. స్థలంలో 85 శాతం దాకా కట్టడానికి నిబంధనలు ఒప్పుకునేవి. మిగిలేది గాలి బావిలాంటి చిన్న ఖాళీ. ప్రతి అంతస్తులో ఒక పొడవాటి నడవా, దాని వెంట వరసగా వాటాలు. ఒక గది, ఒక వంటిల్లు ఉంటే అదే కుటుంబానికి ఇల్లు. వంటింటి కిటికీ వీధి వైపు కాదు, నడవాలోకి తెరుచుకునేది. మంచినీళ్లకు నడవాలో గోడకు బిగించిన ఒకే కుళాయి, దాని కింద ఇనప తొట్టి. దాన్ని బస్సేనా అనేవారు. మరుగుదొడ్డి కూడా నడవా చివరే, నాలుగైదు కుటుంబాలకు కలిపి. కార్మికుల ఇళ్లలో నూటికి తొంభైకి పైగా ఇంటిలోపల నీళ్లు లేనివే.

అద్దె భారం తట్టుకోలేక ఆ ఒక్క గదిలోనే ఇంకొకరికి చోటిచ్చేవారు. కొందరైతే మంచం మాత్రమే అద్దెకిచ్చేవారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు ఆ మంచం మీద పడుకుంటే, పగలు పనికి వెళ్లినవాడు రాత్రి అదే మంచం ఎక్కేవాడు. వెలుతురు సోకని ఆ గదుల్లో క్షయ ఎంతగా పాకిందంటే యూరప్ అంతటా దాన్ని వియన్నా జబ్బు అని పిలిచేవారు. ఇదంతా ఎలాంటి అద్దె నియంత్రణా లేని రోజుల్లో, మార్కెట్ తన ఇష్టప్రకారం ఇళ్లు కట్టిన కాలంలోనే జరిగిందన్నది గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన వాదనలన్నిటికీ ఇది ఆధారం.

యుద్ధం మధ్యలో, 1917లో, చక్రవర్తి ప్రభుత్వం అద్దెలు పెంచకూడదని, అద్దెదారులను ఊరికే ఖాళీ చేయించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దులో పోరాడుతున్న సైనికుడి భార్యాబిడ్డలు వీధిన పడితే సైన్యం మనోబలం దెబ్బతింటుందన్న భయమే అందుకు కారణం. యుద్ధం ముగిశాక కూడా ఆ రక్షణ కొనసాగింది. 1922 చివర్లో వచ్చిన అద్దె చట్టం దాన్ని స్థిరపరిచింది. ఈలోగా ధరలు ఆకాశాన్నంటి, ఆస్ట్రియా కరెన్సీ క్రౌన్ విలువ కుప్పకూలింది. పాత అంకెల్లోనే నిలిచిపోయిన అద్దెకు విలువ లేకుండా పోయింది. ఇల్లు కట్టి అద్దెకిచ్చి బతకడం అన్న వ్యాపారం ఆగిపోయింది. కొత్త ఇల్లు కట్టే ప్రైవేటు మనిషి దాదాపు లేడు.

సామ్రాజ్యం ముక్కలయ్యాక వియన్నా జనాభా తగ్గింది, అయినా ఇళ్ల కొరత పెరిగింది. చూడటానికి ఇది వింతగా ఉంటుంది కానీ కారణాలు సూటిగానే ఉన్నాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చినవారు పెళ్లిళ్లు చేసుకుని వేరు కాపురాలు పెట్టారు. పోయిన రాజ్యభాగాల నుంచి జర్మన్ మాట్లాడే ఉద్యోగులు, శరణార్థులు వచ్చిపడ్డారు. అద్దె చౌక కావడంతో కుటుంబాలకు మంచం అద్దెకిచ్చుకోవాల్సిన అవసరం పోయింది, దాంతో ఆ మంచాల మీద బతికిన వేలమంది బయటపడ్డారు. ఆకలి, చలి కలిసి జనాన్ని నగరం అంచులకు తోశాయి. వియన్నా చుట్టూ ఉన్న అడవిలో చెట్లు కొట్టి వంటచెరకు చేసుకున్నారు. ఖాళీ జాగాల్లో గుడిసెలు వేసుకుని బంగాళాదుంపలు పండించుకున్నారు. క్రమంగా ఆ ఆక్రమణదారులే సహకార సంఘాలుగా ఏర్పడి, తమ చేతులతో తామే చిన్న చిన్న ఇళ్లు కట్టుకునే ఉద్యమంగా మారారు. వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్, తత్వవేత్త ఓటో నోయ్‌రాట్, అప్పటికి యువతిగా ఉన్న మార్గరెటె లిహోట్స్కీ వారి పక్కన నిలిచారు.

1919 మే 4న అందరికీ సమాన ఓటు హక్కుతో, స్త్రీలు కూడా ఓటేసిన నగర ఎన్నికలు జరిగాయి. 165 స్థానాల్లో 100 సోషల్ డెమొక్రాట్లకు వచ్చాయి. యాకోబ్ రాయ్‌మన్ మేయరయ్యాడు. కొత్త పాలకులు మొదట చేయగలిగింది ఖాళీగా ఉన్న ఇళ్లను, అవసరానికి మించి ఉన్న గదులను చట్టం ప్రకారం స్వాధీనం చేసుకుని ఇల్లు లేనివారికి ఇవ్వడం. 1925లో ఆ చట్టం గడువు తీరేదాకా వేలాది కుటుంబాలకు అలాగే చోటు దొరికింది. కానీ ఉన్న ఇళ్లను పంచితే కొత్త ఇల్లు పుట్టదు. కట్టాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే పన్ను వేసే అధికారం కావాలి. అది నగరానికి అంతవరకు లేదు.

అప్పటికి వియన్నా దిగువ ఆస్ట్రియా రాష్ట్రంలో భాగం. చుట్టూ ఉన్న పల్లెల రైతులు, వారి సంప్రదాయ పార్టీలు ఈ ఎర్ర నగరం తమ రాష్ట్రాన్ని శాసిస్తుందేమోనని భయపడ్డారు. నగరవాసులకేమో పల్లె ఓట్లు తమ చేతులు కట్టేస్తాయన్న భయం. ఇద్దరి భయమూ కలిసి విడిపోవడానికి దారి తీసింది. 1920 రాజ్యాంగం వియన్నాకు ప్రత్యేక రాష్ట్ర హోదా ఇచ్చింది, 1922 జనవరి 1 నుంచి విభజన పూర్తిగా అమలైంది. నగర పాలక మండలే రాష్ట్ర శాసనసభ కూడా అయింది. ఇకనుంచి వియన్నా తన పన్నుల చట్టాలు తనే రాసుకోగలదు. వియన్నా ఇళ్ల చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే. మన నగరపాలక సంస్థలు ఇంటిపన్నుతో, పైనుంచి వచ్చే నిధులతో నడుస్తాయి. ఇళ్ల పథకాలు రాష్ట్రం, కేంద్రం నుంచి దిగివస్తాయి. వియన్నాలో శాసనం, ఖజానా, నిర్మాణం మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఆ అధికారాన్ని వాడుకున్న మనిషి హ్యూగో బ్రైట్నర్. ఒక పెద్ద బ్యాంకుకు డైరెక్టరుగా పనిచేసి, నగర ఆర్థిక వ్యవహారాలు చేపట్టాడు. చట్టాల ముసాయిదాల్లో రాబర్ట్ డాన్నెబర్గ్ హస్తం ఎక్కువ. బ్రైట్నర్ విలాసాల మీద వరసగా పన్నులు వేశాడు. కారుకు పన్ను, గుర్రప్పందేలకు పన్ను, ఖరీదైన హోటళ్లలో తిండికి, షాంపేన్‌కు పన్ను. ఇంట్లో పనిమనుషుల మీద కూడా పన్ను పెట్టాడు. ఒక్క పనిమనిషి ఉన్న ఇంటికి మినహాయింపు, రెండో మనిషి నుంచి మొదలై సంఖ్య పెరిగేకొద్దీ రేటు పెరిగేది. వీటిలో అసలైనది 1923 జనవరిలో వచ్చిన గృహనిర్మాణ పన్ను. నగరంలో ఇల్లు, దుకాణం, కార్యాలయం ఏది వాడుకుంటున్నా, యుద్ధానికి ముందు దాని అద్దె ఎంతో చూసి దాని ప్రకారం చెల్లించాలి. కార్మికుడి ఒక గది వాటాకు నామమాత్రం. భవంతులకు, పెద్ద వ్యాపార స్థలాలకు మెట్లు మెట్లుగా పెరిగిపోయేది. నగరంలోని అత్యంత ఖరీదైన సుమారు అర శాతం ఆస్తుల నుంచే మొత్తం వసూళ్లలో 45 శాతం దాకా వచ్చింది.

ఈ పన్ను అందరూ కట్టేదే కావడం దాని బలం. పేదవాడు కూడా కొన్ని నాణేలు ఇచ్చాడు కాబట్టి ఆ ఇళ్లు దానం కాదు. కట్టిన ప్రతి భవనం ముఖం మీద పెద్ద ఎర్రటి అక్షరాలతో, ఇది వియన్నా నగరం గృహనిర్మాణ పన్ను నిధులతో కట్టించినదని, ఏయే సంవత్సరాల్లో కట్టిందో చెక్కించారు. పన్ను కట్టిన మనిషి ట్రాములో వెళ్తూ తన డబ్బు ఎక్కడికి పోయిందో చదువుకోగలిగాడు. నిజానికి మొత్తం ఖర్చులో సగం కూడా ఆ పన్ను నుంచి రాలేదు, మిగతాది ఇతర పన్నుల ఆదాయం నుంచి సర్దారు. కానీ ఎక్కడా పెద్దగా అప్పు చేయలేదు.

అద్దె లెక్క అంతా ఇక్కడే తేలుతుంది. అప్పు తెచ్చి ఇల్లు కడితే అద్దెలో వడ్డీ ఉంటుంది, అసలు వాయిదా ఉంటుంది, స్థలం ధర ఉంటుంది, పెట్టుబడి పెట్టినవారి లాభం ఉంటుంది. ఆ రోజుల్లో వడ్డీలే భరించలేనంత. వియన్నా ఏ ఏడాది పన్నుతో ఆ ఏడాది ఇళ్లు కట్టింది కనుక అద్దెలో వడ్డీ భాగం లేదు. స్థలాలు కూడా చవగ్గా దొరికాయి. అద్దెలు గిట్టక భూమి ధర పడిపోయిన సమయంలో నగరం పెద్ద ఎత్తున కొనేసింది. చివరికి అద్దెదారుడి నుంచి వసూలు చేయాల్సింది మరమ్మతులు, నీళ్లు, ఊడ్పు, నిర్వహణ ఖర్చు మాత్రమే. యుద్ధానికి ముందు జీతంలో పెద్ద ముక్కను మింగేసిన అద్దె, నగరం కట్టిన ఇళ్లలో సామాన్య కార్మికుడి సంపాదనలో సుమారు 4 శాతానికి దిగింది.

దీన్ని అందరూ మెచ్చుకోలేదు. ఇంటి యజమానులు తమ ఆస్తిని చట్టం పేరుతో దోచారన్నారు. వియన్నాలోనే పుట్టిన ఆర్థికవేత్త ఫ్రీడ్రిచ్ హాయెక్ అద్దె నియంత్రణ వల్ల కొరత శాశ్వతమవుతుందని, ఇళ్లు అవసరమైనవారి చేతికి వెళ్లకుండా ముందే ఉన్నవారి చేతిలో ఇరుక్కుపోతాయని వాదించాడు. ఆ మాటలో సత్యం ఉంది. నియంత్రణ ప్రైవేటు నిర్మాణాన్ని చంపేసిన మాట నిజం, పాత ఇళ్ల మరమ్మతులు మూలపడిన మాటా నిజం. అయితే నియంత్రణ లేని రోజుల్లో మార్కెట్ కార్మికుడికి కట్టి ఇచ్చింది నడవా కుళాయి, చీకటి గది, క్షయ. ఆ గదిలోని తల్లికి హాయెక్ లెక్కలో సమాధానం లేదు. అందుకే ఈ వివాదంలో న్యాయం నగరం పక్షానే ఎక్కువ.

ఎలాంటి ఇళ్లు కట్టాలన్న దాని మీద ఉద్యమంలోనే పోట్లాట జరిగింది. తోటతో కూడిన చిన్న ఇళ్లే మనిషికి గౌరవమని లోస్, యోసెఫ్ ఫ్రాంక్ వంటివారు వాదించారు. 1926లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ పట్టణ ప్రణాళిక మహాసభలో కూడా నగరం కడుతున్న పెద్ద భవనాల మీద విమర్శ వచ్చింది. నగరం మాత్రం బహుళ అంతస్తుల వైపే మొగ్గింది. విడివిడి ఇళ్లకు కావలసినంత భూమి నగరం హద్దుల్లో లేదు. అంత దూరం రోడ్డు, మురుగు కాలువ, గ్యాస్ గొట్టం, ట్రాము వేయడానికి డబ్బూ చాలదు. చిన్న ఇళ్ల కాలనీలను పూర్తిగా వదిలేయలేదు, ఐదు వేలకు పైగా కట్టారు. కానీ ప్రధాన మార్గం పెద్ద భవనాలే.

ఆ పెద్ద భవనాలు పాత అద్దె భవనాల్లా లేవు. స్థలంలో సగానికి మించి కట్టకూడదని నగరం తనకు తానే నియమం పెట్టుకుంది. మిగతా సగం చెట్లు, బెంచీలు, పిల్లల ఆటస్థలం ఉన్న లోగిలి. ఇళ్లకు దారి వీధి నుంచి కాదు, ఆ లోగిలి నుంచి. నడవా అన్నదే తీసేశారు. ఒక్కో మెట్ల వరస చుట్టూ ప్రతి అంతస్తులో మూడు నాలుగు ఇళ్లు మాత్రమే. మొదటి ప్రణాళికలో చాలా ఇళ్లు 38 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 410 చదరపు అడుగులు. కొన్ని 48 మీటర్లు. తలుపు తీయగానే చిన్న వసారా, కూర్చోడానికి వీలైన వంటిల్లు, ఒక పడకగది. గ్యాస్ పొయ్యి, కరెంటు, లోపలే కుళాయి, లోపలే మరుగుదొడ్డి. ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ. స్నానాల గది మాత్రం ఇంట్లో లేదు, భవనంలో అందరికీ కలిపి స్నానశాల. ఇల్లు చిన్నదే. కానీ బస్సేనా దగ్గర బకెట్ పట్టుకుని నిలబడిన స్త్రీకి ఇంటిలోని ఆ ఒక్క కుళాయి ఎంత పెద్ద మార్పో తెలుసు.

బట్టలుతికే చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత ఇంట్లో ఉతుకు అంటే ఉన్న ఒక్క గదిలోనే నీళ్లు కాగబెట్టి, ఆవిరిలో, తడిలో రెండు రోజులు గడపడం. గోడలు చెమ్మగిల్లేవి, పిల్లల దగ్గు పెరిగేది. కొత్త భవనాల్లో యంత్రాలున్న ఉమ్మడి చాకిరేవు కట్టారు. ప్రతి ఇంటికీ వంతు ఉండేది. ఉతికే యంత్రం, నీళ్లు పిండే యంత్రం, వేడిగాలితో ఆరబెట్టే అరలు, ఇస్త్రీకి రోలర్లు. స్త్రీలు తడి బట్టల్లో స్వేచ్ఛగా పనిచేసుకోవాలని మగవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. ఉతుకు ఎప్పటికీ ఆడవాళ్ల పనే అన్న నమ్మకం కూడా ఆ నియమంలో ఉంది. ఆ కాలపు సంస్కర్తల చూపు అక్కడ ఆగిపోయింది.

అన్నిటిలోకీ పేరున్నది కార్ల్ మార్క్స్ హోఫ్. ఓటో వాగ్నర్ శిష్యుడు, నగర ఉద్యోగి అయిన కార్ల్ ఏన్ దాన్ని రూపొందించాడు. 1927లో మొదలై 1930 అక్టోబరులో ప్రారంభమైంది. పొడవు కిలోమీటరు పైనే, ఇళ్లు 1,382, నివాసులు సుమారు 5,000. అంత పెద్ద స్థలంలో కట్టడం ఉన్నది ఐదో వంతు కన్నా తక్కువే. చాకిరేవులు, స్నానశాలలు, పిల్లల బడులు, దంతవైద్యశాల, గ్రంథాలయం, మందుల దుకాణం అన్నీ లోపలే. ఇళ్ల సంఖ్యలో మాత్రం సాండ్‌లైటెన్ సముదాయం దీనికన్నా పెద్దది.

ఇల్లు ఎవరికివ్వాలన్నది పాయింట్ల లెక్క. ఇల్లు లేకపోవడం, కిక్కిరిసిన గదిలో ఉండటం, జబ్బు, పిల్లల సంఖ్య, యుద్ధంలో అంగవైకల్యం, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని పట్టిక ఉండేది. పార్టీ వాళ్లకే ఇస్తున్నారని ప్రత్యర్థులు ఆరోపించారు. నిర్మాణంలో కూడా ఒక ఆలోచన ఉంది. నిరుద్యోగం తీవ్రంగా ఉండటంతో కావాలనే యంత్రాలు తగ్గించి ఇటుక మీద ఇటుక పేర్చి కట్టించారు. తలుపులు, కిటికీలు మాత్రం ఒకే కొలతతో టోకున చేయించారు. పని ఒక్కరికే కాకుండా దాదాపు 190 మంది వాస్తుశిల్పులకు పంచారు. అందుకే ఏ రెండు భవనాలూ ఒకేలా కనిపించవు. 25,000 ఇళ్ల లక్ష్యం గడువుకన్నా ముందే పూర్తయింది. 1927లో మరో 30,000 కట్టాలని నిర్ణయించారు. 1934 నాటికి కట్టినవి 60,000 దాటాయి.

ఆ ఏడాదితో ఈ దశ ముగిసింది. సంప్రదాయ పార్టీల చేతిలోని కేంద్ర ప్రభుత్వం 1931లోనే వియన్నాకు రావలసిన పన్నుల వాటాకు కోత పెట్టింది. నిర్మాణం మందగించింది. ఈ భవనాలు ఇళ్లు కావు, వీధిపోరాటానికి కట్టిన కోటలు అన్న ప్రచారం ఏళ్లుగా సాగుతూనే ఉంది. 1934 ఫిబ్రవరి 12న సోషల్ డెమొక్రాట్లకు, కేంద్ర ప్రభుత్వానికి మధ్య అంతర్యుద్ధం మొదలైంది. చాన్సలర్ డోల్‌ఫుస్ ప్రభుత్వం కార్ల్ మార్క్స్ హోఫ్ మీద ఫిరంగులు పేల్చింది. అప్పటి మేయర్ కార్ల్ జైట్స్‌ను అరెస్టు చేశారు, ఎన్నికైన మండలి రద్దయింది. 1938లో వచ్చిన నాజీలు నగర ఇళ్లలోని యూదు కుటుంబాలను వెళ్లగొట్టారు. డాన్నెబర్గ్ 1942లో ఆష్విట్జ్‌లో చనిపోయాడు. బ్రైట్నర్ ప్రవాసంలో, అమెరికాలో 1946లో కన్నుమూశాడు. యజమాని నగరమైనప్పుడు ఆ నగరాన్ని ఎవరు పాలిస్తున్నారన్నది అద్దెదారుడికి ప్రాణసంకటమవుతుందని కూడా ఈ చరిత్ర చూపించింది.

1945 తర్వాత ప్రజాస్వామ్యంతో పాటు నగర నిర్మాణమూ తిరిగి మొదలైంది. ఇప్పుడు వియన్నా నగరానికి సుమారు 2,20,000 అద్దె ఇళ్లున్నాయి. జనాభాలో దాదాపు నాలుగో వంతు వాటిలోనే ఉంటున్నారు. ఇవి కాక లాభానికి పరిమితి ఉన్న గృహసంఘాల ఇళ్లు దాదాపు అన్నే ఉన్నాయి. లోపాలూ ఉన్నాయి. ఆదాయ పరిమితి ఇల్లు ఇచ్చేటప్పుడే చూస్తారు, తర్వాత సంపాదన పెరిగినా ఖాళీ చేయనక్కర్లేదు. ధనిక, పేద కలిసి ఉండటానికి అదే మేలని నగరం అంటుంది, బయట వరసలో నిలబడినవారికి అది అన్యాయంగా తోస్తుంది. కొత్తగా వచ్చినవారు రెండేళ్లు నగరంలో నివాసం చూపించాలి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చినవారికి 2006 దాకా ఈ ఇళ్లు దాదాపు అందనేలేదు. పాత భవనాల మరమ్మతు బాకీ పెద్దది. 2004 తర్వాత నగరం సొంతంగా కట్టడం ఆపేసి సంఘాలకు సాయం చేయడంతో సరిపెట్టింది. అద్దెలు మళ్లీ పెరగడంతో 2015లో తిరిగి కట్టాలని నిర్ణయించి, 2019లో 120 ఇళ్ల కొత్త భవనం తెరిచింది.

ఇదే ప్రశ్న ఇటీవల అమెరికాలో సియాటిల్ ఓటర్ల ముందుకు వచ్చింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలతో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతమది. ఆ ఉద్యోగాల జీతాలతో పాటు పెరిగిన అద్దెలు మిగతావారిని ఊరి బయటికి నెట్టాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడి ఓటర్లు నగరం తరఫున ఇళ్లు కట్టి తన దగ్గరే ఉంచుకునే ఒక సంస్థను ఏర్పాటు చేయడానికి ఒప్పుకున్నారు. వియన్నా పేరు ఆ ప్రచారంలో పదే పదే వినిపించింది. కానీ సంస్థ పుట్టింది, ఖజానా లేదు. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న 2025 ఫిబ్రవరిలో మళ్లీ ఓటుకు వచ్చింది. ఉన్న నిధుల్లోంచే కొంత తీసిస్తామని నగర మండలి ప్రత్యామ్నాయం చూపింది. ఓటర్లు దాన్ని కాదని, ఒక ఉద్యోగికి ఏటా పది లక్షల డాలర్లకు మించి చెల్లించే సంస్థలు ఆ మించిన సొమ్ము మీద 5 శాతం పన్ను కట్టాలన్న ప్రతిపాదనను గెలిపించారు. దాని నుంచి ఏటా సుమారు 5 కోట్ల డాలర్లు వస్తాయని అప్పట్లో అంచనా వేశారు.